కొంకణ్ తీరం వెంబడి సైకిల్ టూర్: మన సీమ నుంచి పోయేవాళ్ళు, పోయొచ్చినవాళ్ళు ఇక్కడ చెప్పండి

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
అందరికీ నమస్తే అప్పా. ఈ చలికాలం నేనూ మా బావమరిదీ కలిసి ముంబై అవతల మాండ్వా నుంచి గోవా దాకా సముద్రం పక్కనే సైకిళ్ళ మీద పోవాలని గట్టిగా అనుకుంటాండాం. రేవస్ నుంచి రేడి దాకా కోస్తా రోడ్డు ఒకటి ఉందంట కదా, అలీబాగ్, మురుడ్, హరిహరేశ్వర్, దాపోలి, గుహాగర్, రత్నగిరి, మాల్వణ్ అట్ల దిగుతా పోతాదంట. మొత్తం 500 కి.మీ. పైన వస్తాది. మా ఇద్దరికీ హైబ్రిడ్ సైకిళ్ళుండాయి, గేర్లకు ముందర మూడు పళ్ళ చక్రాలు, వెనక ఎనిమిది. ఆదివారాలు అనంతపురం నుంచి తాడిపత్రి దిక్కు, ఇంకోతూరి పెనుకొండ దిక్కు పొయ్యొస్తాంటాం, కాళ్ళు బాగానే అలవాటుపడినాయి. రోజుకు ఎన్ని కి.మీ. పెట్టుకోవచ్చు, సైకిళ్ళు రైల్లో ఎట్ల తీసకపోవాల, యాడ ఉండాల, ఏం తినాల, తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి. సముద్రం పక్కనే కాబట్టి రోడ్డు చదునుగా ఉంటాదని మా బావమరిది అంటాండాడు, నాకైతే డౌటే.

పాలకొండ_పెడల్ (కడప):
నీ డౌటే కరెక్ట్ తమ్ముడూ. నేను ఆ దారంతా తొక్కొచ్చినా. ఒక్కమాటలో చెప్పాలంటే ఆ టూర్‌ని కిలోమీటర్లతో లెక్కేసుకోవద్దు, మిట్టలతో లెక్కేసుకో.

ఎందుకంటే అక్కడ సహ్యాద్రి కొండలు సముద్రానికి శానా దగ్గర. మన పెన్నా మాదిరి వందల కిలోమీటర్లు నిదానంగా పారే నది ఒక్కటీ లేదు, అన్నీ పొట్టి నదులు, కొండల్లోంచి దబ్బున దిగి సముద్రంలో పడతాయి. పడే చోట ఉప్పునీళ్ళు లోపలికొచ్చి పెద్ద పెద్ద క్రీకులు ఏర్పడినాయి, వాళ్ళు ఖాడీ అంటారు. రెండు ఖాడీల మధ్యలో ఎర్రరాతి పీఠభూమి ఉంటాది, దాన్ని సడా అంటారు. కాబట్టి రోడ్డు ఏం చేస్తాదంటే ఊర్లో సముద్ర మట్టం దగ్గర ఉంటాది, ఊరు దాటినాక సడా మీదికి ఎక్కుతాది, పైన కొంచేపు చదును, మళ్ళీ ఖాడీలోకి దిగుతాది, వంతెనో పడవో దాటినావంటే మళ్ళీ ఎక్కుడు. ఒక్కో మిట్ట నూరు, నూటాయాభై మీటర్లే ఉండచ్చు గానీ రోజుకు నాలుగైదు తూర్లు ఎక్కినావంటే సాయంత్రానికి హార్స్లీ హిల్స్ ఎక్కినంత లెక్క అయిపోతాది. పైగా మిట్టలు పొట్టివి కాబట్టి రోడ్డు వేసినోళ్ళు వంకర్లు తిప్పకుండా నిటారుగా పెట్టేసినారు కొన్ని చోట్ల.

రోజుకు 50 నుంచి 60 కి.మీ. పెట్టుకో, అంతకు మించొద్దు. మన రోడ్ల మీద 100 కొట్టేవాడికి అక్కడ 60 సరిపోతాది. ఆ పైన పోతే చూసేదానికి టైం ఉండదు, చూడకపోతే అంతదూరం పోయేది దేనికి?

ఇంకోటి, ఉత్తరం నుంచి దక్షిణానికే పో. చలికాలంలో పైటాల నుంచి సముద్రపు గాలి వాయవ్యం దిక్కు నుంచి వస్తాది, కిందికి దిగేవాళ్ళకు అది వీపు మీద తోసినట్లు ఉంటాది. గోవా నుంచి పైకి పోయేవాళ్ళకు అదే గాలి మొగానికి.

బురుజు_రైడర్ (కర్నూలు):
అన్నా ఇంత కష్టం దేనికి, ఎన్‌హెచ్ 66 మీద పోతే సరిపోలేదా. పన్వేల్ నుంచి గోవా దాకా పెద్ద రోడ్డు, టూర్ తొందరగా అయిపోతాది, లీవు తక్కువ ఉండేవాళ్ళకు అదే మంచిది అని నా అభిప్రాయం.

పాలకొండ_పెడల్ (కడప):
ఎన్‌హెచ్ 66 లోపలి రోడ్డు తమ్ముడూ, సముద్రం కనపడదు. మహాడ్, ఖేడ్, చిప్లూణ్, సంగమేశ్వర్ అట్ల కొండల పాదాల వెంబడి పోతాది, కశేడీ, పరశురామ్ అని రెండు పెద్ద ఘాట్లు వేరే. లారీలు, బస్సులు, కార్లు. మనం ఓర్వకల్లు దాటి నంద్యాల రోడ్డు మీద లారీల పక్కన తొక్కుతాం కదా, దానికోసం మహారాష్ట్ర పోవాల్నా? కోస్తా రోడ్డు మీద పొద్దున పూట గంటకు పది బండ్లు కనపడితే ఎక్కువ. లీవు తక్కువుంటే సగం దారే చెయ్యి, రత్నగిరి దాకా పోయి అక్కడ కొంకణ్ రైలు పట్టుకో. సగమైనా సరే సముద్రం పక్కనే తొక్కాల.

గుంతకల్లు_లైన్:
రైలు సంగతి నేను చెప్తా. అనంతపురం వాళ్ళకు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, బెంగళూరు నుంచి ముంబై సీఎస్ఎంటీకి, ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు, ఆదోని మీదుగానే పోతాది. కడప వాళ్ళకు చెన్నై–ముంబై లైను ఇంటి ముందరే, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు. కర్నూలు వాళ్ళు గుంతకల్లుకొచ్చి ఎక్కడం మేలు. నేనైతే మూడు ఊర్లవాళ్ళనీ గుంతకల్లులోనే ఎక్కమంటా, ఎందుకంటే ఇక్కడ బండి ఎక్కువ సేపు ఆగుతాది, బ్రేక్ వ్యాన్‌లో (సామాన్ల పెట్టె) సైకిలు ఎక్కించేదానికి టైం దొరుకుతాది. చిన్న స్టేషన్లో రెండు మూడు నిమిషాల హాల్టులో ఆ పని కాదు.

పద్ధతి ఏందంటే, మీ టికెట్ కన్ఫర్మ్ అయినాక పార్శిల్ ఆఫీసులో లగేజీ కింద బుక్ చెయ్యండి, పార్శిల్ కింద కాదు. లగేజీ అయితే మీరు ఎక్కిన బండిలోనే సైకిలొస్తాది, పార్శిల్ అయితే స్థలం ఎప్పుడు దొరికితే అప్పుడొస్తాది. పెడల్స్ తీసి సంచిలో పెట్టుకోండి, హ్యాండిల్ పక్కకు తిప్పండి, వెనక గేరు మార్చే డిరైల్యూర్ చుట్టూ అట్ట ముక్క కట్టండి, సామాన్లు మీద పడి వంగిపోయేది అదే మొదట. పేరు, పీఎన్‌ఆర్, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ అట్ట మీద లావుగా రాసి రెండు చోట్ల కట్టండి. గంటన్నర ముందే స్టేషన్‌కు రండి.

తిరిగొచ్చేటప్పుడు గోవాలోని వాస్కో నుంచి కోల్‌కతా దిక్కు పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, మడ్‌గావ్, హుబ్బళ్ళి, హొసపేటె, బళ్ళారి, గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా వస్తాది. వారంలో అన్ని రోజులూ ఉండదు, కాబట్టి ఆ రోజు చూసుకుని టూర్ ప్లాన్ చేసుకోండి. అది పగలు కూళెం దాటి కాజిల్‌రాక్ ఎక్కుతాంటే దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతాది, కిటికీ దగ్గర కూచోండి.

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
శానా థ్యాంక్స్ అన్నా. ముంబైలో దిగినాక మాండ్వాకు ఎట్ల? సిటీలోంచి సైకిల్ తొక్కాల్నా?

గుంతకల్లు_లైన్:
వద్దు వద్దు. సీఎస్ఎంటీ నుంచి భావ్‌చా ధక్కా అని రేవు ఉంది, కొన్ని కిలోమీటర్లే. అక్కడి నుంచి మాండ్వాకు రో-రో ఓడ 2020 నుంచి నడుస్తాంది, కార్లు కూడా ఎక్కుతాయి దాంట్లో, సైకిలు ఎక్కించుకుంటారు. గంట ప్రయాణం. అది లేకపోతే పన్వేల్, పేణ్ చుట్టూ తిరిగి నూరు కిలోమీటర్ల ట్రాఫిక్ తొక్కాల్సి వస్తాది.

తుంగభద్ర_టైర్ (కర్నూలు):
నేను సైకిళ్ళ రిపేరు పని చేస్తా, ఇక్కడ కొండారెడ్డి బురుజు దగ్గర్లోనే. చెనక్కాయ తమ్ముడూ, నీ సైకిలుకు ముందర చిన్న చక్రం 28 పళ్ళు, వెనక పెద్దది 34 ఉందా లేదా చూడు. 28–34 పెట్టి పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి 1.7 మీటర్లు పోతాది, నిమిషానికి 60 చుట్లు తిప్పినావంటే గంటకు 6 కి.మీ. స్పీడు. నువ్వు, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకో, 10 శాతం మిట్ట మీద ఆ స్పీడుకు 150 వాట్ల బలం కావాల, మామూలు మనిషి కొంచేపు నిలబెట్టగలడు. అదే రోడ్డు బైకుకు ఉండే 50–28 లో 60 చుట్లు తిప్పాలంటే 330 వాట్లు పైన. అది పోటీలకు పోయేవాళ్ళ బలం, మనది కాదు. మోకాళ్ళు పోయేది ఇక్కడే, గేరు లేక లాగి లాగి తొక్కి. వెనక 28తోనే ఆగి ఉంటే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) మార్పించి 34 వేయించుకో, దానికి తగ్గట్టు చైన్ కూడా.

దిగుడు ఎక్కుడు కంటే ఎక్కువ చూసుకోవాల. రిమ్ బ్రేకులైతే సామానుతో నిటారు దిగుడులో ఎడతెగకుండా పట్టుకుంటే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలే ప్రమాదం. ముందూ వెనకా మార్చి మార్చి పట్టు, గట్టిగా పట్టి వదిలెయ్, మళ్ళీ పట్టు. కొత్త బ్రేకు ప్యాడ్లు ఒక జత ఎక్స్‌ట్రా తీసకపో.

ఉప్పుగాలి ఇనుమును తినేస్తాది. సాయంత్రం ఊరు చేరినాక మంచినీళ్ళ గుడ్డతో చైను తుడిచి రెండు చుక్కలు ఆయిలు. ఇసకలో సైకిలు దించొద్దు, ఫోటో కోసం బీచ్‌లో తొక్కుతారు పిల్లోళ్ళు, ఇసక చైన్లో చేరితే గేర్లన్నీ అరుస్తాయి. వాల్వు సన్నటిది (ప్రెస్టా) అయితే ఊర్ల పంచరు షాపుల్లో గాలి పట్టదు, అడాప్టరు ఇత్తడిది చిన్నది ఒకటి జేబులో పెట్టుకో. 700 సైజు ట్యూబులు అక్కడి పల్లెల్లో దొరకవు, ఇక్కడి నుంచే మూడు తీసకపోండి ఇద్దరికీ కలిపి.

హంద్రీ_పిల్లోడు:
అన్నా నాది గేర్లు లేని మామూలు సైకిలు. నేను కూడా రావచ్చా? గేర్ సైకిలు కొనేంత డబ్బుల్లేవు.

తుంగభద్ర_టైర్ (కర్నూలు):
ఎందుకు రాకూడదు నాయనా. మీ తాతల కాలంలో ఆ సైకిళ్ళ మీదనే ఆదోని నుంచి మంత్రాలయం పొయ్యొచ్చేటోళ్ళు, పాల క్యాన్లు కట్టుకుని కూడా తొక్కినారు. వెనక ఫ్రీవీలు తీసేసి ఎక్కువ పళ్ళది వేయించుకో, చైన్ రెండు లింకులు కలపాల్సి వస్తాది, అంతే. చదునులో కొంచెం నిదానంగా పోతావు, మిట్టలో కొంత దూరం తొక్కుతావు, మిగతాది తోసుకుంటా నడువు. తోసేది నామోషీ కాదు. నీతో పాటు వచ్చేవాళ్ళు ఓపికగా ఉండేవాళ్ళైతే చాలు. షాపుకు రా, ఫ్రీవీలు నేను చూస్తా.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
నేనూ మా చెల్లెలూ అలీబాగ్ నుంచి రత్నగిరి దాకా చేసినాం కాబట్టి రాస్తాండా. ఇక్కడ అన్నలందరూ గేర్లు, బ్రేకులే చెప్తాండారు, పడవల సంగతి ఎవరూ చెప్పలా!

ఆ దారి అందమంతా పడవల్లో ఉంది. ఖాడీల మీద జంగల్ జెట్టీ అంటారు, చదును పడవ, ముందర తలుపు కిందికి వాలుతాది, కార్లు, ఆటోలు, మేకలు, బడి పిల్లోళ్ళు, మన సైకిళ్ళు అన్నీ ఒకటే. మురుడ్ దాటినాక అగర్‌దండా నుంచి దిఘీ, హరిహరేశ్వర్ దగ్గర బాగ్‌మాండ్లా నుంచి వేశ్వీ, తర్వాత దాభోళ్ నుంచి ధోపావే, గుహాగర్ కింద తవ్‌సాళ్ నుంచి జయ్‌గడ్. బాగ్‌మాండ్లాలో దాటేది సావిత్రి నది. ఆ నది మహాబలేశ్వర్‌లో పుడతాది, మన కృష్ణమ్మ పుట్టే చోటే! ఒకే కొండ మీద పుట్టి సావిత్రి పడమటికి పోయి ఆడ సముద్రంలో కలుస్తాది, కృష్ణ తూర్పుకు తిరిగి మన శ్రీశైలం దాకా వస్తాది. పడవ మీద అది తల్చుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది, నిజంగా.

పడవలకు టైములుంటాయి, సాయంత్రం ఆఖరి పడవ పోతే చుట్టు తిరిగేది సైకిలు మీద అయ్యేపని కాదు. కాబట్టి ముందురోజు రాత్రే బస చేసిన ఇంటివాళ్ళను అడిగి పెట్టుకోండి.

కోటలు వదలొద్దు. మురుడ్ దగ్గర జంజీరా నీళ్ళ మధ్యలో ఉంటాది, ఆఫ్రికా మూలాలుండే సిద్దీలది, మరాఠాలు ఎన్ని తూర్లు ప్రయత్నం చేసినా పట్టుకోలేకపోయినారు. అలీబాగ్‌లో కులాబా కోటకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నడిచే పోవచ్చు. హర్ణైలో సువర్ణదుర్గ్ ఒడ్డు నుంచే కనపడతాది, అక్కడే సాయంత్రం చేపల వేలం చూడాల, ఎద్దుల బండ్లు నీళ్ళలోకి పోయి పడవల నుంచి చేపలు దించుకుని వస్తాయి. రత్నగిరిలో థీబా ప్యాలెస్ చూడండి. బర్మా రాజు థీబాను 1885లో బ్రిటిష్‌వాళ్ళు దేశం నుంచి పంపించేసి, తర్వాత రత్నగిరిలో పెట్టినారు, 1916లో ఆ ఊర్లోనే చనిపోయినాడు. ఆ మేడ కిటికీల్లోంచి ఖాడీ కనపడతాంటే మనసు ఎట్లనో అయిపోతాది.

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
అక్కా భలే రాసినావు. ఇద్దరు ఆడవాళ్ళే పోయినారా? బస, తిండి, భయం లేకుండా జరిగిందా? మా అక్క కూడా వస్తా అంటాంది.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
ఇద్దరమే. తీసకరా మీ అక్కను, ఆలోచించొద్దు. ప్రతి ఊర్లోనూ ఇండ్లల్లో గదులు ఇస్తారు, కింద వాళ్ళుంటారు, పైన మనకు గది, వాళ్ళే వండి పెడతారు. మేము లాడ్జీల జోలికి పోలా. వాకిట్లో తులసి కోట, పోకచెట్లు, టెంకాయ చెట్లు, ఎర్రరాతి గోడలు, ఆ రాయిని జాంభా అంటారు, కొడవలితో కోసినట్లు ఇటుకలు కోస్తారు. సైకిళ్ళు ఇంట్లో పెట్టుకోనిచ్చినారు ప్రతి చోటా. చీకటి పడకముందు చేరాల అనే నియమం ఒక్కటి పెట్టుకున్నాం, దాన్ని తప్పలా. హిందీ వస్తే చాలు.

తిండికి ఖానావళ్ అని ఉంటాయి, చిన్న మెస్సులు. బియ్యపు రొట్టె, చేపల కూర, చివర్లో సోల్ కఢీ. కోకమ్ పండు, కొబ్బరిపాలు కలిపి చేస్తారు, గులాబీ రంగులో ఉంటాది, ఎండలో తొక్కినాక అది తాగితే కడుపు చల్లగా అయితాది. మాంసం, చేప తిననివాళ్ళకు ఉసళ్ (మొలకల కూర), బెండకాయ, పప్పు, అన్నం దొరుకుతాయి. ఉకడీచే మోదక్ (ఆవిరి మీద ఉడికించే తీపి కుడుములు) దొరికితే వదలొద్దు. కారం మాత్రం మన లెక్కన తక్కువే, మా చెల్లెలు ప్రొద్దుటూరు నుంచి చెనక్కాయ పొడి డబ్బా తెచ్చుకునింది, ఇండ్లవాళ్ళు కూడా అడిగి వేసుకున్నారు.

ఎండ గురించి ఒకటి. మనం 42 డిగ్రీల్లో కూడా తిరిగేవాళ్ళం, అక్కడ చలికాలం 32 ఏముందిలే అనుకుంటాం. అట్ల కాదు. ఇక్కడ గాలి పొడి, చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోయి ఒళ్ళు చల్లబడతాది. అక్కడ గాలిలోనే నీళ్ళుంటాయి, చెమట ఆరదు, కారిపోతానే ఉంటాది, ఒళ్ళు వేడి దిగదు. దాహం కాకున్నా నీళ్ళు తాగాల, రోజూ ఓఆర్ఎస్ కలుపుకోవాల. పదకొండు గంటలకు ఆపేసి, మళ్ళీ మూడున్నరకు మొదలుపెట్టేవాళ్ళం మేము.

బురుజు_రైడర్ (కర్నూలు):
సరే ఒప్పుకున్నా పెద్దరోడ్డు వద్దు. కానీ నాకు ఒక మాట, ముందుగా విశాఖలో బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా తొక్కి చూస్తే పోదా? ఎర్రమట్టి దిబ్బలు, ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం, మన రాష్ట్రమే.

పాలకొండ_పెడల్ (కడప):
భీమిలి రోడ్డు బాగుంటాది, కాదనను, కానీ అది ఒకపూట రైడు. దానితో కొంకణ్‌కు కాళ్ళు సిద్ధం కావు. మన దగ్గరే మిట్టలుండాయి కదప్పా, విశాఖ దాకా దేనికి!

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
అదే అడగాలనుకుంటాండా. ఇక్కడ యాడ ప్రాక్టీసు చెయ్యాల?

పాలకొండ_పెడల్ (కడప):
కడపవాళ్ళకు గువ్వలచెరువు కనుమ. రాయచోటి రోడ్డు, పాలకొండల మీద నుంచి పోతాది, లారీలు ఎక్కువ కాబట్టి తెల్లారుజామునే పోయి పొద్దెక్కకముందే పైన పాలకోవా తిని దిగాల. దిగేటప్పుడు లారీ వెనక అంటుకుని పోవద్దు, వాటికి బ్రేకులు వేడెక్కి పట్టని సందర్భాలు ఆ కనుమలో జరిగినాయి. జమ్మలమడుగు నుంచి గండికోట ఇంకోటి, పొట్టిగా, నిటారుగా, అచ్చం సడా ఎక్కినట్లే, పైగా చివర్లో పెన్నా లోయ. అనంతపురం వాళ్ళు కదిరి మీదుగా హార్స్లీ హిల్స్ పోండి, 1,265 మీటర్ల ఎత్తు, ఎడతెగని ఎక్కుడు, అది ఎక్కినోడికి కొంకణ్‌లో భయపడాల్సింది లేదు. కర్నూలు, నంద్యాలవాళ్ళకు గిద్దలూరు పోయే నల్లమల ఘాటు. దోర్నాల నుంచి శ్రీశైలం మాత్రం పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూస్తారు, పగలు కూడా ఒంటరిగా సైకిలు మీద పోవద్దు.

ముఖ్యమైంది ఏందంటే ఉత్త సైకిలుతో ప్రాక్టీసు చేసేది సగం ప్రాక్టీసే. వెనక క్యారియరుకు సంచులు కట్టి, వాటిల్లో ఎనిమిది కిలోల బియ్యం వేసి ఎక్కండి. సామానుతో సైకిలు నిలబడి తొక్కితే పక్కలకు ఊగుతాది, దిగేటప్పుడు బ్రేకు దూరం పెరుగుతాది, ఇవన్నీ ఇక్కడే చేతికి తెలియాల. గండికోట ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి. రెండోతూరి ఎక్కేటప్పుడు కాళ్ళు ఏం చెప్తాయో అదే అక్కడ మధ్యాహ్నం మీ పరిస్థితి.

ఇంకో సంగతి, వానాకాలం మాత్రం పోవద్దు. మన అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మి.మీ. పడితే గొప్ప, రత్నగిరిలో 3,000 దాటుతాది, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. రోడ్డంతా పాచి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మామిడికాయలు తినాలని ఏప్రిల్‌లో పోతామంటారు కొందరు, దేవగడ్ హాపుస్ తినొచ్చు నిజమే, కానీ ఆ ఉక్కలో తొక్కలేరు. మామిడిపండుకైతే మన బనగానపల్లె ఉంది, 2017లోనే జీఐ వచ్చింది, హాపుస్‌కు మరుసటేడు వచ్చింది.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
గణపతిపులే నుంచి రత్నగిరి పోయేటప్పుడు లోపలి రోడ్డు పట్టొద్దు, ఆరే–వారే రోడ్డే పట్టండి. కొండ అంచున రోడ్డు, ఒక మలుపు తిరిగితే కింద రెండు బీచ్‌లు ఒక్కతూరి కనపడతాయి. ఎక్కుడు ఉంది, నిలబడి ఊపిరి తీసుకునే సాకుతో చూస్తా ఉండండి.

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
రత్నగిరి కింద దారి ఎట్లుంటాది? అక్క వాళ్ళు అక్కడికే ఆపినారు కదా.

పాలకొండ_పెడల్ (కడప):
అక్కడి నుంచి ఇంకా ఖాళీ. పావస్, పూర్ణగడ్, జైతాపూర్, విజయదుర్గ్, దేవగడ్, కుణకేశ్వర్, మాల్వణ్. ఈ భాగంలో పెద్ద ఖాడీల మీద వంతెనలుండాయి, అందుకే పడవలు తక్కువ. వంతెన మధ్యలో నిలబడితే ఒకపక్క మడ అడవి, ఇంకోపక్క చేపల పడవలు. సడా మీద మైళ్ళకొద్దీ ఎర్రరాయి, నీడ లేదు, అంగడి లేదు, విజయదుర్గ్–దేవగడ్ మధ్య నీళ్ళు రెండు సీసాలు ఎక్కువ పెట్టుకో. మాల్వణ్‌లో ఒకరోజు పూర్తిగా ఆగండి, సింధుదుర్గ్ కోట 1664లో శివాజీ మొదలుపెట్టించినాడు, నీళ్ళ మధ్యలో ఉంటాది, పడవ మీద పోవాల. ఆ తర్వాత వెంగుర్ల, రేడి, తెరేఖోల్. తెరేఖోల్ కాడనే గోవా మొదలైతాది, అక్కడ నదిని పడవ మీద దాటితే కేరి.

హంద్రీ_పిల్లోడు:
ఫ్రీవీల్ మార్పించుకున్నా అన్నా! తుంగభద్ర అన్న కూలి కూడా తీసుకోలా. ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా పొయ్యొచ్చినా, మిట్టలన్నీ దిగకుండా ఎక్కినా.

తుంగభద్ర_టైర్ (కర్నూలు):
మంచిది నాయనా. ఈసారి వెనక ఎనిమిది కిలోలు కట్టుకుని పో. చైన్ తొక్కేకొద్దీ సాగుతాది, అప్పుడప్పుడూ వచ్చి బిగించుకుని పో.

చెనక్కాయ_చక్రం (అనంతపురం):
అయితే మేము నలుగురం: నేను, బావమరిది, అక్క, హంద్రీ తమ్ముడు. డిసెంబరు రెండో వారం అనుకుంటాండాం. వాస్కో రైలు రోజులు చూసి వెనక నుంచి లెక్కేస్తా. ఈ ఆదివారం జమ్మలమడుగు బస్టాండు దగ్గర పొద్దున్నే ఐదున్నరకు, బియ్యం సంచులతో గండికోట రెండుతూర్లు. పాలకొండ అన్నా, నువ్వొస్తావా?

పాలకొండ_పెడల్ (కడప):
వస్తా. పెడల్ రెంచి, చైన్ లింకు నేను తెస్తా. లైట్లు అందరూ తెచ్చుకోండి, ముందు తెల్లది, వెనక ఎర్రది, ఐదున్నరకు ఇంకా చీకటే ఉంటాది.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
మేమిద్దరం కూడా వస్తాం, ప్రొద్దుటూరు నుంచి దగ్గరే కదా. ఉగ్గాని, బజ్జీ కట్టుకొస్తాం అందరికీ. చెనక్కాయ తమ్ముడూ, మీ అక్కకు నా నంబరు మెసేజ్‌లో పెడతాండా, బట్టల సంగతి, సీటు ఎత్తు సంగతి ఆమెతో నేరుగా మాట్లాడతా.